పోస్టరు మీద ఎనిమిదేళ్ళ నీల

బర్మాలో, ఒకప్పటి రంగూన్ అయిన యాంగోన్‌లో నాకు బస ఇచ్చిన సీతమ్మగారి ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి అక్కడి రేవు పనికి వెళ్ళినవాడు. ఆమె మనవరాలు నీల పియానో మీద బర్మా పాటలు అద్భుతంగా వాయిస్తుంది. ఆ సాయంత్రం ఆ పిల్ల మొదటి కచేరీ. పోస్టరులో కుచ్చుల గౌనుతో ఫొటో వేసి, కింద ఎనిమిదేళ్ళని రాయించారు. నిజానికి నీలకు పదేళ్ళు.

నేను విశాఖలో పియానో నేర్పుతాను. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ తండ్రులు కూడా ఇలాగే బాల మేధావుల వయసు తగ్గించి, పసిపిల్లల బట్టలు తొడిగి టికెట్లు అమ్మేవారని నవ్వుతూ చెప్పాను.

"మరి ఆ పిల్లలు ఏటన్నారు, ఆంటీ?" అంది నీల.

"వాళ్ళనెవరూ అడగలేదమ్మా."

నీల నాయనమ్మ వైపు తిరిగింది. "పదేళ్ళ పిల్ల వాయిస్తే ఇనరేటి?"

"ఎనిమిదంటే ఎక్కువమంది వత్తారే," అన్నారు సీతమ్మగారు.

కచేరీలో వ్యాఖ్యాత వయసు చదవగానే నీల మైకు అందుకుని బర్మీస్‌లో ఏదో చెప్పింది.

"పదని చెప్పీసింది!" సీతమ్మగారు తల పట్టుకున్నారు.

ముందు వరసలో ఒక ముసలాయన లేచి ఏదో అడిగాడు. నీల జవాబిచ్చింది. అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

"ఏమడిగాడండీ?"

"ఏ వారం పుట్టినావని. గురువారమంది. ఇక్కడ పేరూ జాతకమూ పుట్టిన వారం బట్టే. వారం తెలిస్తే మనిషి తెలిసినట్టేనమ్మా, ఏళ్ళెవడిక్కావాలి!"

నీల వాయిస్తున్నంతసేపూ సీతమ్మగారు పక్కావిడకు పది వేళ్ళూ చూపించి మురిసిపోతూనే ఉన్నారు.