కుడివైపు సీటు

దెయ్యాలను నేను నమ్మను. మా పక్కవీధి చింతచెట్టు మీద దెయ్యముందని అందరూ చుట్టూ తిరిగి వెళ్తుంటే, దాని కొమ్మకే ఉయ్యాల కట్టుకుని మధ్యాహ్నం కునుకు తీసిన మనిషిని. పైగా చీపురుపల్లిలో నాకొక పేరుంది. చీమ కుట్టిందని చెప్పాలన్నా ఏనుగుతో మొదలుపెడతానని. అందుకే ఇది చెప్పినా ఎవరూ నమ్మరు. బండి గురించి కాస్త పెంచుతాను, అది నా రోగం. బావ గురించి మాత్రం ఏమీ పెంచలేదు.

ముందు బండి సంగతి. యాభైల నాటి అమెరికా కారు. మాంగనీసు గనులు జోరుగా నడిచిన కాలంలో ఒక గని యజమాని ఓడ మీద తెప్పించుకున్నాడట. దాని ముక్కు చీపురుపల్లిలో ఉంటే తోక గరివిడిలో ఉంటుంది. డిక్కీలో రెండు బంతులు వేసి పెళ్లి భోజనాలు పెట్టొచ్చు. నేనూ మా బావ సింహాచలమూ ఒక పాడుబడ్డ గోదాములో దాన్ని కనిపెట్టేసరికి, మూడు తరాల కోళ్లు అందులో కాపురముంటున్నాయి. వాటిని ఖాళీ చేయించడానికే వారం పట్టింది. టార్పాలిన్ కప్పి, ట్రాక్టరు తొట్టెలో ఎక్కించి, మా కొట్టు వెనక షెడ్డులోకి చేర్చి తాళం వేశాం.

బావంటే మా అప్ప భర్త. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆయన చేపల లారీ డ్రైవరు. ఐసు కరిగేలోపు కలకత్తా చేర్చిన చెయ్యి అది. పుట్టింది ఉద్దానంలో. అక్కడ ఎంతోమందికి పోయినట్టే ఆయనకూ కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు శ్రీకాకుళంలో డయాలసిస్. లారీ ఎక్కడం మానేశాక ఆయనకు కోరికంటూ మిగిలింది ఒక్కటే. ఈ బండిని ఒక్కసారి తను తోలాలి. పక్కన నన్ను కూర్చోబెట్టుకుని శ్రీముఖలింగం వెళ్లాలి. వంశధార ఒడ్డున ఆపి ఇంజను చల్లారేదాకా కూర్చోవాలి.

అమెరికా బండి కాబట్టి దానికి స్టీరింగు ఎడమవైపు. మన బండ్లలో డ్రైవరుండే కుడివైపు, ఇందులో పక్కన కూర్చునేవాడుంటాడు. గేరు కర్ర స్టీరింగు కిందే, కుడిచేతికి అందుతుంది. బావకు డయాలసిస్ సూదులు గుచ్చేది ఎడమ చేతికి. మొదటిసారి ఆ ఎడమవైపు సీట్లో కూర్చున్నప్పుడు ఆయన ముఖం చూడాలి.

"ఒరే బామ్మర్దీ, ఈ బండి నాకోసమే సేసినార్రా. ఎడం సెయ్యి సూదులకి, కుడి సెయ్యి గేర్లకి!"

"మరి నానేటి సెయ్యాల?"

"నువ్వు కుడేపు కూకుని మీసం దువ్వు. నువ్వే డ్రైవరనుకుని దారంట జనాలు నీకే దండాలెడతారు."

అప్పటినుంచి కుడివైపు సీటు నాదైంది. దానికి నా డబ్బుతో నేనే కొత్త రెగ్జిన్ వేయించుకున్నాను.

బాగుచేయడం మాత్రం మా వల్ల కాలేదు. ప్రతి సామానూ అమెరికా నుంచి రావాలి. వాటర్ పంపు అడిగితే అద్దం తుడిచే పుల్ల వచ్చింది. బ్రేకు రబ్బర్లు వచ్చాయిగానీ అవి మా బండివి కావు, ఏ బండివో దేవుడికే తెలియాలి. ఒకటి బిగిస్తే రెండు ఊడేవి. చివరికి ఇంజను విప్పితే దాని బ్లాకు, అదే సిలిండర్లుండే ఇనప దిమ్మ, అడ్డంగా పగిలి ఉంది. దించి విజయనగరంలో లేతు షాపుకు పంపాం. ఆ మేస్త్రీ రెండుసార్లు అతికి, మూడోసారి ఫోను చేసి, ఇది అతకదని చెప్పేశాడు. అలాంటి బ్లాకు ఇంకెక్కడా దొరకలేదు. అదే వారం డాక్టరు కూడా, బావ గుండె బాగా నీరసించిందని మా అప్పకు చెప్పాడు.

మేస్త్రీ మాట బావకు నేనే చెప్పాను. ఆయన, "ఇంజను నేకపోతే ఏటిరా? ఇంజను నేకండానే ఎళిపోదాం" అన్నాడు. ఇద్దరం నవ్వాం. మా అప్ప నవ్వలేదు.

ఆ తర్వాత డయాలసిస్ రోజు. ఉదయం, బాగా ఎండెక్కింది. బావ మిషను పక్కన పడుకున్నాడు, నేను స్టూలు మీద కూర్చున్నాను. ఎడమ చెయ్యి సూదులతో కదలకుండా ఉంది. కళ్లు మూసుకునే ఉన్నాయి. కుడి చెయ్యి పైకి లేచింది. గాల్లో గేర్లు వేస్తున్నాడు. మొదటిది, రెండోది, మూడోది. నర్సు చూసి, నిద్రలో అలా చేస్తుంటారంది. చెయ్యి ఒకచోట ఆగింది.

"గేటేసినార్రా," అన్నాడు.

నేను నవ్వాను. "ఎత్తుతార్లే బావా, తొందరేటి?" అన్నాను.

చెయ్యి కాసేపు గాల్లోనే ఆగి ఉంది. మళ్లీ కదిలింది. మొదటిది, రెండోది. మూడోది పడలేదు. మిషను కూతపెట్టింది. డాక్టర్లు పరుగున వచ్చారు, చేయాల్సిందంతా చేశారు. బావ వెళ్లిపోయాడు.

పెద్దకర్మనాడు పైడమ్మ వచ్చింది. మా ఊరి చివర రైలు గేటు దగ్గర టీ కొట్టు ఆమెది. లారీ రోజుల నుంచీ బావకు అక్కడే టీ. మా అప్పను పట్టుకుని ఏడ్చి, తర్వాత నా దగ్గరికొచ్చింది.

"బాబూ, అడగతన్నానని కోప్పడకు. ఆ పొద్దు మీ బావని కారులో ఒగ్గీసి ఆ డ్రైవరు ఏటైపోనాడు?"

"ఏ కారు పైడమ్మా?"

"మీరు బాగుసేత్తన్నారట గదా, పడవంత కారు. ఎండెక్కినాక గేటేసున్నాది. కారొచ్చి ఆగినాది. మీ బావ ఎడంపక్క కిటికీలోంచి సెయ్యి బయటెట్టి కూకున్నాడు. టీ తెత్తునా అంటే నవ్వి, వద్దన్నట్టు తలూపినాడు. సూత్తే డ్రైవరు సీటు కాళీ! దిగి ఎటో ఎళ్లినాడు గావాల అనుకున్నాను. ఇంతలో గేటెత్తినారు, కారు ఎళిపోనాది. రోగిష్టి మనిషినెక్కించి డ్రైవరు నేకండా బండొగ్గీత్తారేటి బాబూ? మజ్జేనానికి సచ్చిపోనాడని తెలిసినాది. ఆ బండి ఎక్కడో గుద్దీసినాదే అనుకున్నాను."

సాయంత్రం వెళ్లి షెడ్డు తాళం తీశాను. తాళంచెవి ఎప్పుడూ నా మొలతాడుకే ఉంటుంది. బండి దుంగల మీద ఉంది. ముందు చక్రాలు లేవు. ఇంజను ఉండాల్సిన చోట ఒక కోడి పొదుగుతోంది. సీట్ల మీద దుమ్ము చెక్కుచెదరలేదు.

పైడమ్మకు కళ్లు సరిగా కనబడవేమో అనుకుని చూశాను. టీలో ఈగ పడితే గేటవతల నుంచి చెబుతుంది. వేరే కారేమో అనుకున్నాను, మరి అందులో బావ ఎలా ఉంటాడు? పోనీ కల్పించిందేమో అనుకుందామంటే, కల్పించడంలో ఈ తాలూకాలో నన్ను మించినవాడు లేడు. కల్పించేవాడెవడైనా బావే తోలుకుంటూ వెళ్లాడని చెబుతాడు. డ్రైవరు లేడని గొడవపడడు. మా షెడ్డులో ఆ బండిని ఆమె ఏనాడూ చూడలేదు. స్టీరింగు ఎడమవైపు ఉంటుందని ఆమెకు ఈ రోజుకీ తెలియదు.

బ్లాకు విజయనగరం నుంచి తిరిగొచ్చింది, పగులు పగులుగానే. బండి ఇక కదలదు. దాన్ని అమ్మను, బాగుచేయను. అది గేటు దాకా ఎలా వెళ్లిందో, వెళ్లింది అదేనో కాదో నాకు తెలియదు. తెలుసుకునే దారీ కనబడటం లేదు.

గేటు దాటినప్పుడల్లా పైడమ్మ అడుగుతూనే ఉంటుంది, ఆ డ్రైవరు దొరికాడా అని. లేదంటాను. ఆమె ఖాళీగా ఉందన్న ఆ కుడివైపు సీటు నాది. గేటు పడ్డంతసేపూ బావ ఆగాడు. నేను శ్రీకాకుళంలో ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని నవ్వుతున్నాను.