నవోమి టీచరు చిల్లుల అట్టలు

మా ఎండల్లో స్వెటర్లు ఎవరు వేసుకుంటారండీ? అయినా సిలబస్‌లో ఉందని, బిట్రగుంట రైల్వే కాలనీ పక్కనున్న మా చిన్న ప్రైవేటు బళ్ళో ఆడపిల్లలకు నేను అల్లిక నేర్పేదాన్ని. ఆ సూదులకు ఒక పనంటూ చూపించింది మా లెక్కల టీచరు నవోమి. 1967 మాట ఇది.

నవోమక్క ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు కూతురు. మహా మొండి. మద్రాసు ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వస్తున్నాయని పేపర్లో చదివింది మొదలు, అవి లెక్కలు ఎలా ఏరి చెబుతాయో పిల్లలకు చూపించాలని పట్టుబట్టింది. కంప్యూటరెక్కడిది, మా మొహం! పాత శుభలేఖలు పోగేసి, టికెట్ కలెక్టరు పారేసిన పంచింగ్ కత్తెరతో వాటి అంచున చిల్లులు కొట్టింది. ఇంటికొక అట్ట, చిల్లుకొక ప్రశ్న. జవాబు అవునైతే ఆ చిల్లును అంచుదాకా కత్తిరించాలి. అట్టలన్నీ పేర్చి, ఆ చిల్లులోంచి నా అల్లిక సూది దూర్చి విదిలిస్తే, కత్తిరించినవి కింద రాలతాయి, మిగతావి సూదికే వేలాడతాయి. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి ఆ ఇంటివాళ్ళ చేతనే అట్టలు నింపించారు.

సంగతి తెలిసి బడి మేనేజరు సంజీవరావు గారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు.

"మిషన్లు ఉద్యోగాలు మింగతాయని మా తమ్ముడు మద్రాసులో జెండా పట్టుకోని తిరగతా ఉండాడు. మీరేమో బిడ్డలకి అదే నేర్పతా ఉండారా?"

"మిషన్లను ఆపగలిగితే ఆపనీండి సార్. ఆగకుండా వచ్చిందనుకోండి, దాని ముందర మన ఆడబిడ్డలు గూడా కూచోవాల" అంది నవోమక్క.

"శనివారం మీటింగులో తల్లిదండ్రులకి చూపించండి. వాళ్ళు నవ్వినారంటే ఈ అట్టలన్నీ పొయ్యిలోకే!"

నా భయం వేరే. 'ఈ ఇంట్లో ఆడపిల్లను బడి మాన్పించారా?' అనేది కూడా ఒక చిల్లు. సంజీవరావు గారు తన కూతురు కామమ్మను ఎనిమిదితోనే మాన్పించిన సంగతి ఊరందరికీ తెలుసు.

"ఆయన ఇంటి అట్ట తీసెయ్యక్కా. కొంప మునగతాది" అన్నాను.

"తీసేస్తే అది లెక్క కాదు నూర్‌బీ" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

శనివారం అందరూ వచ్చారు. పేర్లు చదవను, ఎన్ని ఇళ్ళో మాత్రమే చెబుతాను, ఏదైనా అడగండి అంది నవోమక్క. కాలనీలో చేపలమ్మే చెంచమ్మ లేచింది.

"బడి మాన్పించిన ఆడబిడ్డలు ఎన్ని ఇళ్ళల్లో ఉండారో చెప్తాదా ఇది?"

నవోమక్క సూది దూర్చి విదిలించింది. ఒక్క అట్టా రాలలేదు. ఉక్కకు అంటుకుపోయాయి. జనం నవ్వారు, సంజీవరావు గారు అందరికంటే గట్టిగా నవ్వారు. అయ్యో, అయిపోయింది అనుకున్నాను. ఆమె తొణకలేదు. అట్టలు విడదీసి మళ్ళీ విదిలించింది.

రాలాయి. ఆగకుండా రాలాయి. సూదికి మిగిలినవాటికంటే నేలమీద పడ్డవే ఎక్కువ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఒక అట్ట జారి సంజీవరావు గారి కాలి దగ్గర ఆగింది. వంగి తీశారు. దానిమీద తన పేరు రాసిన గుండ్రటి చేతిరాత చూసి ఆయన మొహం వాడిపోయింది.

"దీన్ని కత్తిరించిందెవరు?" మెల్లగా అడిగారు.

"కామమ్మే సార్. మీ అరుగు మీద కూచోని" అంది నవోమక్క.

ఆయన చాలాసేపు ఆ అట్టను తిప్పి తిప్పి చూశారు.

"తెగిన చిల్లు అతికిస్తే... పనికొస్తాదా టీచరమ్మా?"

"వస్తాది సార్. సోమవారం బిడ్డని బడికి పంపించండి. తనే అతికిస్తాది."