పుష్యమాసంలో పూసలు

శివరాత్రి ఇంకా నాలుగు రోజులుందనగా మా మేనత్త పోయింది. పొద్దున్న ఏడింటికి, నేను స్కూలుకి క్యారేజీ సర్దుకుంటూంటే మావయ్య ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ అత్త కాఫీ తాగింది. గ్లాసు కింద పెట్టింది. అంతేనమ్మా," అన్నారు. స్టవ్ మీద పోపు మాడిన వాసన వచ్చేదాకా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాను.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఉబ్బసం మనిషికి అది సామెత కాదు, గడువు. నలభై ఏళ్ళకు పైగా ఏటా ఆ గడువు దాటుతూ వచ్చిన మనిషి, ఈసారి నాలుగు రోజుల తేడాతో దాటలేకపోయింది. దానికి నాకు చాలా కోపంగా ఉంది. ఎవరిమీదని అడిగితే మాత్రం చెప్పలేను.

వాళ్ళది మండవల్లి దాటాక కొల్లేటి పక్కనున్న ఊరు. మావయ్యకి కాస్త వరిచేను, ఒక చేపల చెరువు ఉన్నాయి. పిల్లలు లేరు. నేను తాడేపల్లిగూడెంలో సైన్సు టీచర్ని. ఆదివారం పొద్దున్నే గూడెంలో రైలెక్కి, ఏలూరులో దిగి, కైకలూరు బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళేదాన్ని. వెళ్ళగానే చెప్పులు విప్పకుండానే ఏదో ఒకటి సర్దడం మొదలుపెట్టేదాన్ని. "నీ కాళ్ళకి చక్రాలున్నాయే. కాసేపు వాటికి బ్రేకెయ్యి," అనేది అత్త.

కార్తీకం వెళ్ళేసరికి కొల్లేటి మీంచి మంచు ఊళ్ళోకి వచ్చేస్తుంది. ఎదురింటి గుమ్మం కనిపించడానికి ఎనిమిదన్నా అవ్వాలి. అప్పట్నించీ అత్త గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యేవి. "పిల్లి లేచిందే," అనేది, పెంపుడు పిల్లి గురించి చెప్పినట్టు. మంచు పనికిరాదు, పొగ పనికిరాదు, దుమ్ము పనికిరాదు. ధనుర్మాసంలో వీధంతా ముగ్గులతో నిండిపోతే, ముగ్గుపిండి కూడా దుమ్మే కాబట్టి, ఆవిడ కిటికీలోంచి చూసి ఎవరి గీత వంకరపోయిందో చెప్పేది.

కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్ళ అత్తగారు ఎవరితోనో అందట: "మా కోడలు బంగారమేనండి. చలికాలం వచ్చిందంటే మాత్రం పనికిమాలిపోద్ది." గదిలో పడుకుని ఆ మాట విన్నదట మా అత్త. ఈ సంగతి నాకు ఏడుస్తూ చెప్పలేదు, పడీ పడీ నవ్వుతూ చెప్పింది. "పనికిమాలినదాన్ని పట్టుకుని పనికొచ్చే పనులు చెయ్యమంటే ఎలాగే? అందుకని ఆ రోజునించీ చలికాలంలో పనికిమాలిన పనులే పెట్టుకున్నాను."

నిజంగానే పెట్టుకుంది. ఏటికొకటి. దానికి ఒకటే నియమం, చేసినది దేనికీ ఉపయోగపడకూడదు.

ఒక చలికాలం, మిగిలిపోయిన ఊలుతో పెరట్లో కొళాయికి టోపీ అల్లింది. దానికి చెవులు కూడా పెట్టింది. పాలు తెచ్చినావిడ చూసి, "ఏవండీ, కొళాయికి జలుబు చేసిందాండీ?" అని అడిగింది. "చెయ్యకుండా చూసుకుంటున్నామండీ," అంది అత్త, కొంచెమైనా నవ్వకుండా. ఇంకో ఏడు పాత చొక్కాల గుండీలన్నీ పోగేసి, చిరిగిన లుంగీ మీద కొల్లేరు కుట్టింది. నీలం గుండీలు నీళ్ళు, తెల్లవి కొంగలు, పెద్ద కోటు గుండీ కైకలూరు. మావయ్య చెరువు ఉండాల్సిన చోట అంచు విరిగిన గుండీ ఒకటి కుట్టింది. ఆయన చాలా నొచ్చుకున్నారు. "నా చెరువు అంత తీసిపోయిందా?" అంటే, "గట్టు లీకవుతోందని మీరే కదండీ అన్నారు," అంది.

మావయ్యకి పనే లోకం. చేను, చెరువు, మేత, మోటారు, వీటితో సంబంధం లేనిది ఏదీ ఆయన కంటికి ఆనదు. ఆవిడ ముందున్న గుండీల కుప్ప చూసి ఒకసారి సామెత చెప్పారు. "మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు, పుష్యమాసాన పూస గుచ్చ పొద్దుండదు అన్నారు పెద్దలు. నీకు మాత్రం ఎక్కణ్ణించి వస్తుందే ఇంత పొద్దు?"

"అందుకేనండీ ఈ నెల్లో గుచ్చాలి. పొద్దు లేదని అందరూ పరిగెడుతుంటే ఒక్కళ్ళన్నా కూచోవద్దూ?" అంది అత్త.

అన్నిటికంటే ఆవిడకి ఇష్టమైనది గుర్రపుడెక్క. కొల్లేటి నీళ్ళ మీద పరుచుకుపోయి, పడవని కదలనివ్వని కలుపు మొక్క అది. దాని కాడలు ఎండబెట్టి, మళ్ళీ తడిపి, మెత్తబడ్డాక మెలిపెట్టి గూడబాతులు చేసేది. చలికాలంలో మా కొల్లేటికి వచ్చే ఆ పెద్ద ముక్కు పక్షులు మీకు తెలిసే ఉంటాయి. కాడ తడిగా ఉంటే దుమ్ము లేవదు, పిల్లి లేవదు. ఆ తడి తగినంతగా పట్టేదాకా కాసుక్కూచోవడమే అందులో అసలు పని. ఒక్కో బాతు ఒక్కోలా ఉండేది. ఒకటి మెడ వెనక్కి తిప్పి ఉంటే ఎందుకని అడిగాను. "వెనకబడ్డ పిల్లకోసం చూస్తోందే," అంది.

ఒకసారి చెయ్యి తప్పి బాతు కాస్తా బుట్టయిపోయింది. మావయ్య సంతోషంగా అందులో వెల్లుల్లిపాయలు పోసుకున్నారు. "అయ్యో, పనికొచ్చేసిందే!" అని నెత్తి కొట్టుకుని, మర్నాడే దాన్ని వెల్లుల్లితో సహా పక్కింటి పాస్టరమ్మగారికి ఇచ్చేసింది.

వీటి మధ్యలో ఆవిడ చేసిన మామూలు పనులు కూడా చెప్పాలి. నేను వస్తున్నానని తెలిస్తే నాకు కప్పే దుప్పటిని మధ్యాహ్నమంతా ఎండలో వేసి, పొద్దు వాలేలోగా గట్టిగా చుట్టేసేది. "ఇందులో ఎండ దాచాను. విప్పకు, పారిపోద్ది," అనేది. శొంఠి కాఫీ గ్లాసు ముందు రెండు చెంపలకీ ఆనించుకుని, తర్వాత తాగేది. రేగుపళ్ళు తింటే దగ్గు వస్తుందని డాక్టరు వద్దన్నాడు కనక, నన్ను తినమని ఎదురుగా కూచుని, పులుపుగా ఉందో తియ్యగా ఉందో ఒక్కో పండుకీ చెప్పించుకునేది.

ఇక నేను చేసిన పని చెప్పాలి. ఇక్కడిదాకా వాయిదా వేస్తూ వచ్చాను.

ఈ చలికాలం కాదు, కిందటి చలికాలం, ఆ గూడబాతుల్ని అరుగు మీద నిలబెట్టి ఫోటోలు తీసి మా టీచర్ల గ్రూపులో పెట్టాను. అవి చేతులు మారి ఏలూరులో చేతిపనుల దుకాణం నడిపే ఒకావిడకి చేరాయి. ఆవిడ ఫోన్ చేసింది. "ఎంత ముద్దుగా ఉన్నాయండీ! జనవరి ఒకటికల్లా నలభై కావాలండీ. మెడలన్నీ ఒకేవైపు ఉంటే పెట్టెల్లో సర్దుకోడానికి వీలుగా ఉంటుందండీ." అత్తని అడగకుండానే సరేనన్నాను. ఆవిణ్ణి నలుగురూ మెచ్చుకోవాలన్నది నిజమే. కానీ ఖాళీగా కూచున్న మనిషిని చూస్తే నాకు తోచదన్నది ఇంకా పెద్ద నిజం.

వెళ్ళి చెప్పాను. మావయ్య మొహం వెలిగిపోయింది. ఎగతాళికి కాదు, మనస్ఫూర్తిగానే అన్నారు: "చూశావుటమ్మా, ఇన్నాళ్ళకి మీ అత్త పనికొచ్చింది!"

అత్త ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "సరేలే, చేద్దాం," అంది. సైన్సు పాఠం చెప్పే నాకు ఎదురుగా ఉన్న మనిషి మొహంలో జరిగింది కనిపించలేదు.

ఆ ఏడు మంచు ఎక్కువ. తడిపిన కాడలు ఆరక బూజు పట్టాయి. తేదీ దగ్గరపడుతోందని ఆవిడ ఎండు కాడల్నే మెలిపెట్టడం మొదలుపెట్టింది. విరిగిన కాడల నుంచి పొట్టు లేచింది. నేను వెళ్ళేసరికి అరుగు మీద ముప్ఫై పైచిలుకు గూడబాతులు ప్రేయర్‌కి నిలబెట్టిన పిల్లల్లా ఒకేవైపు చూస్తున్నాయి. లోపల అత్త మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి, ఊపిరి కోసం పెనుగులాడుతోంది. ఏలూరు ఆస్పత్రిలో అయిదు రోజులు ఉంచారు. దుకాణం ఆవిడ పాపం చాలా బాధపడి, ఆరోగ్యం కన్నా ఎక్కువ కాదండీ, ఏమీ వద్దండీ అంది.

అత్త ఇంటికి వచ్చాక ఆ చలికాలమంతా ఏమీ చెయ్యలేదు. నేను ఏ ఆదివారం వెళ్ళినా నీరెండలో కూచుని ఉండేది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఎన్నడూ ఖాళీగా చూడని చేతులు. పిల్లికూతల కంటే అదే నన్ను భయపెట్టింది.

"తప్పు చేశానత్తయ్యా. మిమ్మల్ని అడక్కుండా ఒప్పుకున్నాను," అన్నాను చివరికి.

"తప్పేముందే. నాకు పని ఇచ్చావు. అందరూ చేసేదే," అంది. "ఊపిరి అందనప్పుడు కూడా ఆ బాతులు చేస్తుంటే హాయిగా ఉండేదే. ఇవి నన్నెవరూ అడగలేదు కదా అనుకునేదాన్ని. ఇప్పుడు కాడ పట్టుకుంటే నలభై అనే గుర్తొస్తోంది," అంది.

మళ్ళీ కార్తీకం వచ్చి వెళ్ళింది. మంచు దిగింది, పిల్లి లేచింది, ఆవిడ చేతులు మాత్రం కదల్లేదు. నాకు ఏం చెయ్యాలో తోచక, అటక మీద మిగిలిన కాడలు దింపి, తడిపి, ఆవిడ పక్కన కూచుని నేనే ఒక బాతు మొదలుపెట్టాను. నా జన్మలో తీరిగ్గా కూచుని ఒక పని చేసింది లేదు. రెండు గంటల తర్వాత తయారైనదానికి మెడ ఎక్కడో, కాలు ఎక్కడో నాకే తెలియలేదు.

అత్త అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమిటే ఇది? గూడబాతా, వంకాయా?"

"గూడబాతే."

"పాపం, దీన్ని ఎవరు చూసినా కూర వండేస్తారే," అంది. నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వింది. "ఇలా తే," అని నా చేతిలోంచి లాక్కుని మెడ విప్పడం మొదలుపెట్టింది. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను, ఏడుస్తున్నానని తెలియకుండా. తెలిసే ఉంటుంది.

ఆ చలికాలం, ఆవిడ చివరి చలికాలం, మేమిద్దరం కాగితం పూసలు చేశాం. క్రిస్మస్ నక్షత్రం కట్టగా మిగిలిన రంగు కాగితాలు పాస్టరమ్మగారు పంపారు. నేను మా స్కూలు పిల్లల పాత పరీక్ష పేపర్లు తెచ్చాను. వాటిని సన్నగా కత్తిరించి, పుల్లకి చుట్టి, జిగురు రాసి తీస్తే పూస. పుష్యమాసం నాలుగు ఆదివారాలూ దారానికి గుచ్చాం. దండ ఎవరికని నేను అడగలేదు. సున్నా మార్కులు వచ్చిన పేపరుతో చేసిన పూసని అత్త దండ మధ్యలో పెట్టి, "వీడికి ఇక్కడ ఫస్టు ర్యాంకు," అంది. ఆ రోజు నేను తిరిగి వెళ్ళాల్సిన బస్సు తప్పిపోయింది. నా జీవితంలో బస్సు తప్పిపోయి సంతోషించింది అదొక్కసారే.

పదకొండో రోజు కార్యక్రమాలయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. నేను ఇంకో రోజు ఉండిపోయాను. మర్నాడు పొద్దున్న మావయ్య చెరువుకి వెళ్ళలేదు. మేత వెయ్యడానికి వేరే మనిషిని పంపి, అరుగు మీద కూచున్నారు.

"ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సిందమ్మా," అన్నారు ఉన్నట్టుండి. "మా అమ్మ పనికిమాలిందని అంటే నవ్వేసింది. నేను పనికొచ్చిందంటే మాత్రం నవ్వలేదు. నాకు తెలియలేదమ్మా."

"ఆర్డరు ఒప్పుకుంది నేను కదండీ మావయ్యా," అన్నాను.

కాసేపటికి ఆయన లేచారు. అత్త కూచునే ప్లాస్టిక్ కుర్చీ అరుగు చివర ఉంది. దాని మీదికి స్తంభం నీడ వచ్చేసింది. మావయ్య దాన్ని రెండు చేతులా ఎత్తి, రెండడుగులు జరిపి, ఎండలో పెట్టారు. ఆవిడున్నప్పుడు నీడ వచ్చినప్పుడల్లా కుర్చీ జరిపేది ఆయనే. నేను చూస్తున్నానని గమనించి తడబడ్డారు.

"ఊరికేనమ్మా," అన్నారు.

మూడింటికి నేను బయల్దేరేసరికి, ఆ ఖాళీ కుర్చీ ఇల్లు చుట్టి పడమటి గోడ దగ్గరికి చేరింది. మావయ్య దాని వెనకాల నిలబడి, నీడ ఎంతవరకు వచ్చిందో చూస్తున్నారు.