విషానికి చప్పట్లు కొట్టిన మా అత్త

మా చిన్నప్పుడు... ఫిజీలో బా అనే ఊళ్లో స్కూలు హాలు బయట నిలబడి, వచ్చేపోయేవాళ్ల చెయ్యి పట్టుకుని మరీ ఏ నాటకం చూడాలో చెప్పేదాన్ని. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. మిల్లులో చెరుకు ఆడే రోజుల్లో ఒక శనివారం నాటకాల పండగ జరిగేది. మైకులూ మెరుపు బట్టలూ ఉన్న హిందీ నాటకాలు హాల్లో... ఎవరికీ పట్టనివన్నీ వెనక రేకుల షెడ్డులో.

నన్నడిగితే షెడ్డువే చూడాలి. బస్సు డ్రైవరుకీ, కోడిపెట్టతో ఎక్కిన ముసలమ్మకీ జరిగే తగువు నాటకం తలుచుకుంటే ఇప్పటికీ పొట్ట చెక్కలవుతుంది. కానీ అన్నిటికన్నా ముందు మా మేనత్త తెలుగు నాటకం చూడమంటాను... మా అత్త కాబట్టి కాదు. సరే, కొంత అందుకే.

మగవాళ్లంతా రారవాయి చక్కెర మిల్లు షిఫ్టుల్లోనో, చెరుకు కోతల్లోనో ఉండేవారు. అందుకని కొబ్బరి పీచు మీసం పెట్టుకుని అత్తే రాజు. రాజుకు విషమిచ్చే మంత్రిని నేను. తెలుగు బాగా వచ్చింది పెద్దవాళ్లకే... మేం పిల్లలం బట్టీ పట్టేవాళ్లం.

ఆ ఏడు కమిటీ పెద్దాయన వచ్చి, "బెహినీ, తుమార్ నాటక్ కౌన్ సమ్‌ఝీ?" అన్నాడు. మీ నాటకం ఎవరికి అర్థమవుతుందని. బెంచీలు నిండకపోతే వచ్చే ఏడు తెలుగు నాటకం ఉండదని కూడా చెప్పేశాడు. అత్త ముఖం మాడిపోయింది.

"నిండతాయి భయ్యా, చూడు" అంది.

మొదలెట్టేసరికి ముందు బెంచీలో మా నానమ్మా, ఆవిడ స్నేహితురాళ్లూ... అంతే. నాకు ఏడుపొచ్చింది.

విషం సీను వచ్చింది. కొబ్బరి చిప్పతో గిన్నెలో నీళ్లు ముంచి రాజుకు అందించాను. మా ఫిజీలో అందరం కూర్చుని యంగోనా అనే వేరు పానీయం తాగేటప్పుడు, చిప్ప అందుకునే ముందు ఒక చప్పట కొట్టాలి. తాగాక అందరూ మూడు కొట్టాలి. అత్త అలవాటు కొద్దీ ఫట్‌మని ఒకటి కొట్టేసింది... విషానికి! గడగడా తాగింది. ముసలమ్మలు వాళ్ల అలవాటు కొద్దీ మూడు కొట్టారు.

ఇక రాజు పడి చావాలి... చావలేదు. చిప్ప మళ్లీ ముంచి నా ముందు పెట్టింది.

"తాగు మంత్రీ."

"అత్తా, ఇది లేదు గదా" అన్నాను మెల్లగా.

"పీలే... సబ్ జన్ దేఖె హై" అంది మీసం చాటునుంచి. తాగెయ్, అందరూ చూస్తున్నారని.

నిజమే, దారిన పోయేవాళ్లంతా ఆగి చూస్తున్నారు. ఇచ్చిన చిప్ప కాదంటే మర్యాద కాదు... తాగితే చస్తాను. చిప్ప వంకే చూస్తూ వెనక్కి నడిచాను. మంత్రి దొంగని తెలుసుకోడానికి జనానికి తెలుగు ముక్క అక్కర్లేకపోయింది. నన్ను తాగించడానికి చప్పట్లు మొదలెట్టారు. ఆ మోతకు హాల్లో వాళ్లు కూడా బయటికొచ్చేశారు. బెంచీలు నిండి, చోటు లేక కంచె ఎక్కారు. చివరికి తాగి పడ్డాను. నా పక్కన అత్త ఎంత దర్జాగా చచ్చిందో!

కమిటీ పెద్దాయన వచ్చి వచ్చే ఏడు హాల్లోనే వెయ్యమన్నాడు.

"ఆలోచించి చెప్తా భయ్యా" అంది అత్త, మీసం సర్దుకుంటూ.

ఇప్పుడు మా రాజధాని సువాలో నాటకోత్సవాలకు ఏసీ హాళ్లు, రంగు లైట్లు... నేనూ వెళ్తాను, బాగుంటాయి. అత్త లేదు. మంత్రి మాటలు మాత్రం నాకింకా నోటికొచ్చు... ఎదురు మాట చెప్పడానికే ఇంట్లో తెలుగు వచ్చినవాళ్లు లేరు.

మీరు చిన్నప్పుడు ఏ వేషం వేశారో కింద రాయండి... తెలుగులోనే రాయండి. పైకి చదువుకుంటాను.