ముందు పల్లపు లంకకి

జొన్నాడ రేవులో సత్యనారాయణమ్మగారి భోజనాల పాకలో నేను పదకొండేళ్ళు తిన్నాను. ఏటిగట్టు చూసుకునే ఓవర్సీరుగారి దగ్గర గుమాస్తాని, ఒంటరివాణ్ణి. ఆవిడ వడ్డించేటప్పుడు ఎంత ఆప్యాయతో, తిట్టేటప్పుడు అంత ధారాళం. గోంగూర వద్దన్నవాణ్ణి మళ్ళీ గడప తొక్కనిచ్చేవారు కాదు.

పందొమ్మిదివందల యాభయ్యో, యాభయ్యొకటో, జ్యేష్ఠమాసం. వరదలు రాకముందే తాలూకా కచేరీవాళ్ళు, పోలీసులు, మేమూ కలిసి ఒక ఉత్తుత్తి వరద నడిపి చూడాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. గట్టు మీద ఎర్రజెండా లేవగానే ఏటి మధ్య లంకల్లో జనాన్ని తేవడానికి నావ బయల్దేరాలి. అంతే.

ఆ రోజు మా ఓవర్సీరుగారు జెండా పట్టుకుని రెవిన్యూ ఇన్‌స్పెక్టరుగారి వైపు తిరిగి, "తమరు సెలవిస్తే ఎత్తించేస్తానండి" అన్నారు.

"అయ్యో, గట్టు తమరిదండీ. తమరే కానివ్వాలి" అన్నారాయన.

ఇద్దరూ కలిసి హెడ్డు కానిస్టేబులుగారిని అడిగారు. "పెద్దలు తమరుండగా నేనేంటండీ" అని ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. గంటన్నర గడిచింది. మర్యాదలకేమీ లోటు రాలేదు గానీ నావ మాత్రం కదల్లేదు.

పాకలో అన్నం చల్లారిపోతుంటే సత్యనారాయణమ్మగారు గరిటెతో సహా గట్టెక్కారు. ఆవిడ కోపానికి అన్నం ఒక్కటే కారణం కాదు. ఒక్కగానొక్క కూతురు సీతారత్నాన్ని మెరక లంకలో ఇచ్చారు. ఆ పిల్లకి అప్పుడు ఆరో నెల. తొమ్మిదో నెలలో పురిటికి తెచ్చుకుందామని ఆవిడ ఆశ.

"మీరిలా ఒకళ్ళనొకళ్ళు బతిమాలుకుంటుంటే అక్కడ జనం ములిగిపోతారండీ! రేవు రాయి మీద గీత దాటి నీళ్ళొస్తే సరంగు మత్తయే జెండా ఎత్తి నావ తీసేస్తాడు. ఎవర్నీ అడగక్కర్లేదు. ముందు పల్లపు లంకకి, తర్వాతే మెరక లంకకి. రాసుకోండి!"

ముగ్గురూ "ఆయ్" అన్నారు. నేను రాశాను.

శ్రావణంలో ఒక ఉదయం నీళ్ళు గీత దాటాయి. మత్తయి జెండా ఎత్తేశాడు. హెడ్డుగారు దండోరా వేయించారు, ఇన్‌స్పెక్టరుగారు బడి తెరిపించి బియ్యం దింపించారు, మేం గట్టు మీదికి ఇసకబస్తాలు మోయించాం. మేమేనా అనిపించింది నాకు!

మత్తయి తాడు విప్పబోయి ఆగాడు. "అమ్మగారూ, ఏరు జోరుగా ఉందండి. ఎవరూ ఏమీ అనుకోరు. ముందు చిన్నమ్మగారి కాడికెళ్ళమంటారా?"

ఆవిడ ఒక్కసారి మెరక లంక వైపు చూశారు. "అడగొద్దని చెప్పేనా లేదా? పల్లానికి పో!" అని అరిచారు. నావ వెళ్ళాక గాడిపొయ్యి ముందు కూర్చుని అన్నం వార్చారు. ఏటి వైపు తిరిగి చూడలేదు. పదకొండేళ్ళలో ఆవిడంటే నాకు భయం పోయి గౌరవం కలిగింది ఆ రోజే.

మధ్యాహ్నానికి పల్లపు లంక జనమంతా గట్టెక్కారు. మత్తయి గంజైనా తాగకుండా వెనుదిరిగాడు. పొద్దు వాలుతుండగా మెరక లంక నుంచి వచ్చిన నావలోంచి సీతారత్నం దిగింది. మొలదాకా తడిసిపోయి ఉంది.

"అరుగు మీదికి నీళ్ళొచ్చేసేయమ్మా. పొద్దున్న నావ కనబడింది. మా వైపు రాలేదేంటి?"

"నేనే అటు పొమ్మన్నానే" అన్నారు సత్యనారాయణమ్మగారు తల దించుకుని.

సీతారత్నం తల్లి మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఆకలేస్తోందమ్మా. ఏం వండేవు?"

పొద్దుటినుంచీ అందరి మీదా అరుస్తూ తిరిగినావిడ అప్పుడు బావురుమన్నారు. ఏడుస్తూనే విస్తరి వేశారు.