పెళ్ళికూతురి మాట మింగేసిన ఫ్యాను

పోయిన వేసవిలో పామర్రు దగ్గర మా ఊరి చర్చిలో మా అక్క కూతురి పెళ్ళి జరిగింది. తెర మీద పాటలు వేసే కంప్యూటరు మీద నాదే పెత్తనం. ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినా, మీటలు నొక్కడంలో నాకు సాటి లేదు లెండి.

పెళ్ళికి ముందు దాని హార్డ్ డిస్క్ పాడైతే గుడివాడలో మార్పించాను. తెచ్చి ఆన్ చేయగానే లోపలి ఫ్యాను వరికోత మిషనులా అరిచింది. ఫోన్ చేస్తే మెకానిక్ నవ్వాడు. “తిరుగుతోందిగా బావా! తిరగకపోతే కదా కంప్లైంటు!”

పెళ్ళిలో పాస్టరుగారు, “అమ్మా, ఈ వరుడు నీకు సమ్మతమేనా?” అని అడిగారు. పిల్ల పెదవులు కదిలాయి గానీ ఆ ఫ్యాను హోరులో మాట వినపడలేదు. మళ్ళీ అడిగారు. మళ్ళీ అంతే. పెళ్ళికొడుకు మేనత్త లేచి, “పిల్లకి ఇష్టం లేదేమోనండీ!” అంది. మా అక్క ముఖం పాలిపోయింది. నేను పరుగెత్తి ప్లగ్గు పీకేశాను. సరిగ్గా అప్పుడే, విసిగిపోయిన పిల్ల, “ఇష్టమేనండీ బాబూ!” అని అరిచింది. చర్చి నవ్వులతో దద్దరిల్లింది. పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది.

తర్వాత కంప్యూటరును మచిలీపట్నంలో విప్పించాను. డిస్కు ఎంత వేడెక్కిందో ఫ్యానుకు చెప్పే సన్నని వైరును ఆ గుడివాడ మహానుభావుడు తిరిగి తగిలించనేలేదట! నిలదీస్తే, “పెళ్ళయిందిగా బావా, ఇంకెందుకు కోపం?” అన్నాడు.

వేడి సంగతి తెలియక ఫ్యానే భయపడి అంత వేగంగా తిరిగింది. పని సగంలో వదిలేసిన మనిషికి మాత్రం భయం లేదు!