వాన ఆదివారాల ఉపదేశిగారు

మా ఉపదేశిగారు పోయిన బుధవారం కన్నుమూశారు. మూడు రోజుల జ్వరం. పక్కన ఎవరూ లేరు. తలుపు తట్టినా పలకడం లేదని పాలవాడు వచ్చి చెబితేనే మాకు తెలిసింది.

మా సందులో ఉన్నది బెంగళూరు దండు అనే కంటోన్మెంటు నుంచి బతుకుతెరువుకు రంగూన్ పోయి, యుద్ధకాలంలో నడిచి తిరిగొచ్చిన తెలుగు క్రైస్తవులం. ఆ దారిలోనే ఆయన తన భార్యను పూడ్చిపెట్టి, మా పిల్లల్ని భుజాన మోసుకొచ్చారు. మా పెద్దమ్మాయి ఈరోజు బతికి ఉందంటే ఆయన చలవే.

వచ్చాక ప్రార్థన మందిరానికి గోడలు లేపి, కప్పు దగ్గర ఆగిపోయాం. యుద్ధం ముగిస్తే మళ్లీ రంగూన్ పోతాం కదా, ఇప్పుడెందుకని మా వాదన. అలా అంటూనే ఎవరిళ్లు వాళ్లు బాగుచేసుకున్నాం. వడ్రంగిని కాబట్టి నేనైతే చెక్క సీలింగు కూడా కొట్టుకున్నాను. యుద్ధం ముగిసింది. ఎవరమూ పోలేదు, కప్పూ వేయలేదు.

ఉపదేశిగారు హగ్గయి ప్రవక్తను పట్టుకుని వదల్లేదు. బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదులూ మాలాగే, దేవుని ఇంటికి ఇంకా వేళ రాలేదంటూ తమ ఇళ్లు ముస్తాబు చేసుకున్నారట. ఎంత తిన్నా మీ కడుపు ఎందుకు నిండడం లేదో ఆలోచించుకోండని ప్రవక్త వాళ్లను మందలించాడట.

"ఎన్నిసార్లు చెప్తారయ్యా ఇదే?" అని ఒకసారి విసుక్కున్నాను.

"నేనేం చేసేదప్పా? మీరు ఇంటికి పోయి మర్చిపోతానే ఉండారు" అని నవ్వారు.

మా సీలింగు చూడ్డానికి వచ్చి, చాపమీద వెల్లకిలా పడుకుని మెచ్చుకున్నారు. "బాగుండాదప్పా. నీ చేతిలో పనితనముండాది." మందిరం మాటే ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

వాన పడితే మాకు ఆరాధన లేదు. అలాంటి ఒక ఆదివారం అటుగా పోతూ చూద్దును కదా, ఆయన గొడుగు పట్టుకుని ఖాళీ మందిరంలో ప్రసంగం చేస్తున్నారు.

"ఎవరికి చెప్తాండారయ్యా?"

"నీకే. వచ్చినావు కదా."

గొడుగు నా మీదికి వంచి, "ఇంట్లో ఒక్కణ్ణే ఉంటానప్పా. వారానికొక దినం మనుషుల ముఖాలు చూస్తాను. వానొస్తే అదీ లేదు" అన్నారు.

ఈ వానాకాలానికి ముందే కప్పు వేస్తానని మాటిచ్చాను. వేయలేదు. నాలుగు మంచాల పని వచ్చిపడింది, అంతే.

ఆయన్ను సమాధి చేసిన మర్నాడు ఎవరూ పిలవకుండానే అందరం చేరి, రెండు రోజుల్లో రేకులు వేసేశాం. ఇంత చిన్న పనికి అన్నేళ్లు ఎందుకు ఆగామో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న ఆదివారం జోరున వాన. అయినా ఒక్కరూ ఇంట్లో ఆగలేదు. పిల్లాజెల్లాతో వచ్చి పొడి నేలమీద కూర్చున్నాం. మొదటి పాట ఎప్పుడూ ఆయనే ఎత్తుకునేవారు. ఎవరు మొదలుపెట్టాలో తెలియక, రేకుల మీద వాన చప్పుడు వింటూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాం.